32 ఫోర్డ్ వెనక ఫెండర్ల తోక కురచ చేయడం, హెడ్‌లైట్లు దించడం: అంచు ఎలా తేవాలి, ఎర్తు ఎక్కడివ్వాలి?

డ్యూస్_పిచ్చి (ప్లానో, టెక్సాస్)

బండి 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్, అందరూ ‘డ్యూస్’ అనేదే. బాడీ, ఫెండర్లు (మడ్‌గార్డులు) కొత్తగా ప్రెస్ చేసిన స్టీలువి, అసలు ఫోర్డ్‌వి కావు. ముందు 4 అంగుళాల డ్రాప్ యాక్సిల్, వెనక టైర్లు 235/75ఆర్15. రంగు ఇంకా పడలేదు. వైరింగ్ 12 వోల్టులు.

చెయ్యాల్సినవి మూడు. వెనక ఫెండర్ల తోక ఓ 5 అంగుళాలు కురచ చెయ్యాలి. హెడ్‌లైట్లు స్టాక్ ఎత్తులో కప్పకళ్లలా ఉన్నాయి, దించాలి. వెనక ఫెండర్ల మీద 39 ఫోర్డ్ టియర్‌డ్రాప్ లైట్లు పెట్టాలి, ఇండికేటర్లు కూడా వాటిలోనే రావాలి.

కొయ్యడం పెద్ద పని కాదు. కోశాక ఆ చుట్టిన అంచు మళ్లీ ఎలా వస్తుందన్నదే తెలియట్లేదు. రేకు లోపలికి మడిచేస్తే చాలా?

టిగ్_టార్చ్ (డెట్రాయిట్)

చాలదండీ. తిన్నటి రేకైతే మడిచెయ్యొచ్చు. తోక దగ్గర అంచు గుండ్రంగా తిరుగుతుంది, అక్కడ లోపలికి మడవాలంటే రేకు కుంచించుకోవాలి. ష్రింకర్ (రేకుని కుంచించే పరికరం) లేకుండా సుత్తితో మడిస్తే చీర కుచ్చిళ్లలా ముడతలు పడుతుంది. కాబట్టి ఫ్యాక్టరీ అంచుని పారెయ్యకండి. దాన్నే పట్టీలా కోసి ముందుకి జరిపి మళ్లీ వెల్డ్ చెయ్యాలి.

గీత గీసే ముందు ఫెండర్లు రెండూ బండికి బిగించండి, మధ్యలో వెల్టింగ్ (ఫెండర్‌కీ బాడీకీ మధ్య పెట్టే మెత్తటి పట్టీ) కూడా పెట్టి. బల్ల మీద ఉన్నప్పటి ఆకారం వేరు, బోల్టులు లాగాక వచ్చే ఆకారం వేరు. వెనక స్ప్రింగు తీసేసి, యాక్సిల్‌ని బంప్ స్టాప్ తగిలేదాకా జాకీతో లేపండి. మీ టైరు ఎత్తు దాదాపు 28.9 అంగుళాలు. పూర్తిగా లేచాక కూడా టైరుకీ ఫెండర్ లోపలి గోడకీ మధ్య అంగుళం తగ్గకూడదు. పక్కకీ అంతే, వెల్టింగ్ బోల్టుల తలలు లోపలికి పొడుచుకొస్తాయి కదా, కొలత వాటి నుంచి తీసుకోండి. ఆ తేడా రాకపోతే కురచ చెయ్యడం తర్వాత, ముందు ఫెండర్ వెడల్పు సంగతి చూడాలి.

గీతకి 1/4 అంగుళం ఫైన్‌లైన్ టేపు వాడండి. కొలతలన్నీ చక్రం సెంటర్ నుంచే. గ్యారేజీ నేలలు నీళ్లు పోవడానికి వాటంగా పోస్తారు, నేల నుంచి కొలిస్తే కుడి ఎడమలకి అర అంగుళం తేడా ఎక్కడిదో తెలియక చస్తారు. ఒక పక్క టేపు కుదిరాక బ్రౌన్ పేపర్ మీద అచ్చు తీసి, తిరగేసి రెండో పక్క గీయండి. వెనక పది అడుగుల దూరం నుంచి, నిలబడీ కూర్చునీ చూడండి. 32కి పెట్రోల్ ట్యాంకు ఫ్రేమ్ కొమ్ముల మధ్య బయటికే ఉంటుంది కదా, తోక పోయాక పక్క నుంచి ట్యాంకు చివర, ఫ్రేమ్ కొమ్ము కనబడతాయి. 5 అంగుళాలు ఎక్కువనిపించొచ్చు. టేపు మీద మనసు మార్చుకుంటే ఖర్చు లేదు.

కోత ఇలా. ఫ్యాక్టరీ అంచు నుంచి 1 అంగుళం లోపలికి సమాంతరంగా ఒక గీత, అది మీ పట్టీ. కొత్త అంచు రావాల్సిన చోటు నుంచి 1 అంగుళం లోపలికి ఇంకో గీత, పట్టీ అతికేది అక్కడ. 1 మి.మీ. కటింగ్ డిస్కుతో గీతకి 1/16 బయటే కోసి, మిగతాది ఆకురాయితో దించండి. పట్టీ వంపు కొత్త గీతకి అచ్చంగా సరిపోదు, పొడవు కూడా కాస్త మిగులుతుంది. వంపు ఎక్కువున్న మూలలో పట్టీకి వెల్డ్ వైపు నుంచి అంగుళానికొక చీలిక పెట్టండి, చుట్టిన అంచు దాకా మాత్రం పోనివ్వొద్దు. పొడవు మిగులుని బాడీ పక్కనుండే లోపలి చివర కోసెయ్యండి, అక్కడ ఎవరికీ కనబడదు.

రేకు 19 గేజ్ అయితే (0.042 అంగుళం) టిగ్ వెల్డింగ్ మీద 35–40 ఆంప్స్, 1/16 టంగ్‌స్టన్, ఈఆర్70ఎస్-2 ఫిల్లర్ సన్నది. సందు ఉండకూడదు, వెలుతురు కనబడితే మళ్లీ రాయండి. అంగుళానికొక టాకు (చిన్న వెల్డ్ చుక్క). నాలుగైదు టాకులు పడ్డాక ఆగి, సుత్తి, డాలీ (రేకు కింద ఆనించే ఇనుప దిమ్మ)తో రెండు అంచులూ ఒకే మట్టానికి తెచ్చి ముందుకి వెళ్లండి. తర్వాత టాకుల మధ్య నింపడం, ఒక్కో చోట అంగుళం మించకుండా, ఎదురెదురు చివరల్లో మార్చి మార్చి. తడిగుడ్డతో చల్లార్చొద్దు, దానంతట అది చల్లారాలి.

వెల్డ్ చల్లారుతూ కుంచించుకుంటుంది, గీత పొడవునా సన్నటి లోయ పడుతుంది. చాలామంది అక్కడే లప్పం డబ్బా తెరుస్తారు. అవసరం లేదు. కింద డాలీ ఆనించి, సరిగ్గా వెల్డ్ పూస మీదే కొట్టండి. లోహం సాగి లోయ పైకొస్తుంది. పూస పక్కన కొడితే సాగిన చోట ఇంకా సాగి రేకు పొంగుతుంది.

గుంటూరు_గేజ్ (షార్లెట్)

అన్న చెప్పింది నిజమే, కానీ అందరి దగ్గరా టిగ్ ఉండదు. మిగ్ వెల్డింగ్‌తో అయితే 0.023 తీగ, చుక్క చుక్కగా మాత్రమే, సందు తీగ మందమంత. మిగ్ పూస గట్టిగా ఉంటుంది, సుత్తికి లొంగదు. కాబట్టి కొట్టడానికి ముందే పూసని రేకు మీద ఓ వెంట్రుక మందం మిగిలేదాకా గ్రైండ్ చెయ్యండి. 36 గ్రిట్‌తో ఒక్కచోట ఆపి రుద్దితే రేకు నీలం తిరుగుతుంది, పక్కన పల్చబడుతుంది కూడా. పూస తల తీసేదాకా 36, ఆ తర్వాత 80.

అంచుకి ఇంకో దారి ఉంది. పట్టీ బాధ లేకుండా 1/4 అంగుళం గుండ్రటి కడ్డీని అచ్చు ప్రకారం వంచి, కోసిన అంచుకి లోపలి వైపు నుంచి అంగుళానికొక టాకు వేసుకుంటూ పోవడం. చూపుకి చుట్టిన అంచులాగే ఉంటుంది, గట్టిదనం ఇంకా ఎక్కువ. అయితే ఒక షరతు. ఫెండర్ మిగతా అంచు ఫ్యాక్టరీదే కాబట్టి కడ్డీ మందం దానితో కలవాలి. ముందు కాలిపర్స్‌తో ఫ్యాక్టరీ చుట్టు మందం చూసి కడ్డీ కొనండి. కలిసే చోట కడ్డీ చివర అర అంగుళం ఏటవాలుగా రాసి చుట్టులోకి దూర్చండి.

కడ్డీకీ రేకుకీ మధ్య లోపల సన్నటి గాడి మిగులుతుంది. ఎపాక్సీ ప్రైమర్ కొట్టాక దాని మీద సీమ్ సీలర్ పడాల్సిందే. వట్టి రేకు మీద సీలర్ పూసి పైన ప్రైమర్ కొడితే తుప్పు సీలర్ కింద మొదలవుతుంది, రంగు పొంగేదాకా తెలియదు.

డ్యూస్_పిచ్చి

ఫ్యాక్టరీ చుట్టు కొలిచాను, 1/4 కంటే సన్నంగా ఉంది. పట్టీ దారే పడతాను. ఇంకో మాట: తోక కోస్తే వెనక బ్రేస్ (ఫెండర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ఊత) పట్టుకునే చోటు కూడా పోయేలా ఉంది.

పుట్టీ_వద్దు (అట్లాంటా)

అదే అసలు చూడాల్సింది. బ్రేస్ లేకుండా వదిలేస్తే తోక తేలికైంది కదా ఏమవుతుందిలే అనుకుంటారు. ఇంజను కుదుపుకి వెనక భాగం ఆడుతూ ఉంటుంది, ఆ ఒత్తిడంతా బాడీ పక్కన ఆఖరి రెండు బోల్టుల మీద పడుతుంది. ముందు అక్కడ రంగు వెంట్రుకలా చిట్లుతుంది, తర్వాత రేకు.

3/16 మందం, 1 అంగుళం వెడల్పు ఇనుప పట్టీతో కొత్త బ్రేస్ చేసుకోండి. ఫ్రేమ్ వైపు రెండు బోల్టులు, ఒక్కటైతే అదే ఇరుసులా తిరుగుతుంది. ఫెండర్ వైపు నేరుగా రేకుకి వెల్డ్ చెయ్యకండి. 16 గేజ్ రేకుతో 2×3 అంగుళాల అతుకు ముక్క, మూలలు గుండ్రంగా రాసి, ఫెండర్ వంపుకి సరిగ్గా కూర్చునేలా కొట్టి, చుట్టూ చుక్కలు పెట్టండి. బోల్టు దానికి. టియర్‌డ్రాప్ లైట్ కూడా ఇదే ముక్క మీద కూర్చునేలా ప్లాన్ చేస్తే ఒక దెబ్బకి రెండు పనులు.

ఫెండర్ కింద మామూలు రంగు కొట్టి వదలకండి. 235 వెడల్పు టైరు రాళ్లు ఏరి లోపలికి కొడుతుంది. పైన నిగనిగలాడే రంగులో నక్షత్రం ఆకారంలో పగుళ్లు కనిపిస్తే, కారణం బయట తగిలిన రాయి కాదు, లోపల తగిలింది. ఎపాక్సీ, దాని మీద ట్రక్ బెడ్‌లైనర్ (ట్రక్కు తొట్టికి పూసే గట్టి పూత) మందంగా రెండు కోట్లు. అయితే వెల్టింగ్ కూర్చునే అంచుని మాస్క్ చెయ్యాలి, అక్కడ మందం పడితే సందులు రెండు పక్కలా ఒకేలా రావు.

బిగించేటప్పుడు: 5/16-18 బోల్టులన్నీ చేత్తో తిప్పి వదులుగా ఉంచండి. వెల్టింగ్‌కి బోల్టు వచ్చే ప్రతిచోటా వి ఆకారంలో కత్తిరించి పైనుంచి దించండి. మధ్య బోల్టుతో మొదలుపెట్టి అటూ ఇటూ చివరలకి పోవాలి. గాలి గన్ను వద్దు. ఎక్కువ బిగిస్తే బోల్టుల మధ్య వెల్టింగ్ పాము మెలికల్లా కనిపిస్తుంది, వదులు చేసినా మళ్లీ సరికాదు.

కాన్సాస్_కూపే

ఫైబర్‌గ్లాస్ ఫెండర్లకి కూడా ఇదే పద్ధతా? పట్టీ కోసి అతికించడమేనా?

పుట్టీ_వద్దు

దాదాపు అంతే. రెండు ముక్కల లోపలి వైపు అతుకు నుంచి 2 అంగుళాల దాకా 40 గ్రిట్‌తో ఏటవాలుగా రాసి, 1.5 ఔన్సుల మ్యాట్ మూడు పొరలు, ప్రతి పొరా కిందదానికంటే వెడల్పు. ఆరాక బయట వైపు వి గాడి తీసి అక్కడ ఇంకో రెండు. జెల్‌కోట్ మీద రెసిన్ అతకదు, అది పూర్తిగా రాసెయ్యాలి. లైట్లకి ఎర్తు ఫెండర్ నుంచి రానే రాదని వేరే చెప్పక్కర్లేదు.

వైరింగ్_బాబాయ్ (హ్యూస్టన్)

ఫైబర్‌గ్లాస్ సంగతి అందరికీ తెలుసు. స్టీలు ఫెండర్ నుంచి కూడా రాదు, అది తెలియకే అందరూ ఇరుక్కుంటారు.

టియర్‌డ్రాప్ లైటుకి ఎర్తు దాని బోల్టుల ద్వారా ఫెండర్‌కి, ఫెండర్ నుంచి బాడీకి, అక్కణ్నుంచి ఫ్రేమ్‌కి పోవాలి. మీ బండిలో ఫెండర్‌కీ బాడీకీ మధ్య వెల్టింగ్. లైటు కింద రబ్బరు గాస్కెట్. బ్రేస్‌కి పౌడర్ కోటింగ్. ఫెండర్ లోపల బెడ్‌లైనర్. ఇన్ని అడ్డుగోడల మధ్య కరెంటు ఏదో ఒక బోల్టు మరల గీతలో దూరి పోతోందంటే అది మన అదృష్టం, వైరింగ్ కాదు. ఒక్క వానాకాలంలో ఆ మర తుప్పు పడుతుంది.

ప్రతి లైటు లోపలా 16 గేజ్ నల్ల తీగ, బల్బు హోల్డర్ డొక్కుకే టంకం పెట్టి లేదా రివిట్ చేసి. నాలుగు మూలల నల్ల తీగలూ ఫ్రేమ్ మీద వెనకొకటి, ముందొకటి స్టడ్‌కి. స్టడ్ కింద రంగు గీకి, నక్షత్రపు వాషర్ వేసి, బిగించాక పైన రంగు. ఫ్రేమ్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి, ఇంజను బ్లాక్‌కి విడివిడిగా లావు కేబుళ్లు.

పరీక్ష: లైటు వెలుగుతుండగా మీటర్ నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర పిన్ను లైటు డొక్కు మీద. 0.1 వోల్టు లోపుంటే బాగున్నట్టు. 0.3, 0.5 చూపిస్తే ఎర్తు దొంగ.

చికాగో_చాప్

బాబాయ్, ఇదే లక్షణమేమో చూడండి. 34 పికప్, 1157 బల్బులు. హెడ్‌లైట్లు వేసి బ్రేకు తొక్కితే ఎడమ వెనక లైటు పెరగాల్సింది పోయి మసకబారుతుంది. ఎడమ ఇండికేటర్ వేస్తే డాష్ లైట్లు కూడా సన్నగా కొట్టుకుంటాయి.

వైరింగ్_బాబాయ్

పక్కా ఎర్తే. 1157లో రెండు ఫిలమెంట్లు, దాదాపు 27 వాట్లది ఒకటి, 8 వాట్లది ఒకటి, ఇద్దరికీ ఎర్తు ఒక్కటే. అది తెగితే బ్రేకు కరెంటు పెద్ద ఫిలమెంట్ దాటి, బయటికి దారి లేక చిన్న ఫిలమెంట్ గుండా వెనక్కి టెయిల్ లైట్ తీగలోకి పోతుంది. అక్కణ్నుంచి రెండో పక్క లైటుకీ డాష్ బల్బులకీ. అందుకే డాష్ కొట్టుకుంటోంది. ఒక జంపర్ తీగతో లైటు డొక్కుని నేరుగా ఫ్రేమ్‌కి తాకించి చూడండి, వెంటనే తేలిపోతుంది.

డ్యూస్ గారికి ఇంకో రెండు. ఇండికేటర్, బ్రేకు ఒకే ఫిలమెంట్ కాబట్టి బ్రేకు తీగ నేరుగా లైటుకి పోకూడదు. బ్రేకు స్విచ్ నుంచి ఇండికేటర్ స్విచ్‌కి, అక్కణ్నుంచి ఎడమా కుడీ విడివిడిగా. లైటు దగ్గర రెండూ కలిపి ముడేస్తే ఒక ఇండికేటర్‌కి రెండు పక్కలా కొట్టుకుంటాయి. రెండోది, మాస్టర్ సిలిండర్‌కి పెట్టే ప్రెషర్ స్విచ్ బదులు పెడల్‌కి మెకానికల్ స్విచ్ పెట్టండి. ప్రెషర్ స్విచ్ కాలు నొక్కుడు బలపడేదాకా వెలగదు. మెల్లగా బ్రేకు వేసినప్పుడు వెనకవాడికి ఏమీ తెలియదు.

ఎల్ఈడీ 1157 పెడితే ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్ఈడీయే తీసుకోండి. తెల్లది పెడితే ఆ వెలుగులో ఎరుపు భాగం తక్కువ, అద్దం మిగతాదంతా మింగేస్తుంది, గులాబీ రంగులో మసకగా కనబడుతుంది. పాత థర్మల్ ఫ్లాషర్ వాటి తక్కువ కరెంటుకి కొట్టుకోదు, ఎలక్ట్రానిక్‌ది కావాలి, దానికీ ఒక ఎర్తు తీగ ఇవ్వాలి.

డ్యూస్_పిచ్చి

ఈ ఒక్క పోస్టుతో నా వైరింగ్ బొమ్మ మొత్తం మార్చాల్సొచ్చింది. టియర్‌డ్రాప్‌ని ఫెండర్ మీద ఆనించి చూస్తే ఆకాశం వైపు చూస్తోంది.

టిగ్_టార్చ్

ఆ లైటు పీఠం 38–39 ఫెండర్ వంపుకి చేసింది. 32 వంపు వేరు. గాస్కెట్‌తో సర్దుబాటు చేస్తే ఒక చివర వేలు దూరే సందు ఉంటుంది. 16 గేజ్‌తో దీర్ఘవృత్తాకార దిమ్మె చేసి ఫెండర్‌కి వెల్డ్ చెయ్యండి. అద్దం ముఖం నేలకి నిటారుగా ఉందో లేదో బండి చక్రాల మీద దిగాక లెవల్‌తో చూడాలి, స్టాండ్ల మీద ఉన్నప్పుడు కాదు. దిమ్మె లోపల తీగ రంధ్రం 1/2 అంగుళం, రబ్బరు గ్రోమెట్‌తో. అడుగున 1/4 రంధ్రం ఒకటి నీరు పోవడానికి.

బే_ఏరియా_బకెట్ (ఫ్రెమాంట్)

హెడ్‌లైట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫెండర్లు లేని బండికైతే షాక్ మౌంట్ల దగ్గర స్టాండ్లు పెడతారు. మీరు ఫెండర్లు ఉంచుతున్నారు కాబట్టి రెండు లైట్లనీ మోసే అడ్డ బారే దారి. స్టాక్ బార్‌ని వేడిచేసి వంచొద్దు, క్రోమ్ పోతుంది, రెండు చివరలూ ఒకేలా రావడం కష్టం. దించి తయారుచేసిన బార్లు దొరుకుతాయి. కొనే ముందు చెక్క ముక్కల మీద బకెట్ (హెడ్‌లైటు డొప్ప) నిలబెట్టి రెండు చూడండి: బకెట్ వెనక భాగానికీ ఫెండర్ వంపుకీ మధ్య, గ్రిల్ షెల్‌కీ మధ్య కనీసం 3/4 అంగుళం. బానెట్ పక్క తలుపు తెరిస్తే తగులుతుందేమో కూడా.

ఎత్తు: టెక్సాస్ చట్టంలో హెడ్‌లైటు 24 నుంచి 54 అంగుళాల మధ్య ఉండాలి, కాలిఫోర్నియాలో 22 నుంచి. లైటు సెంటర్ నుంచి, ట్యాంకు నింపి, మనిషి కూర్చున్నాక కొలవండి. టెయిల్ లైట్లు 15కి తగ్గకూడదు. నంబర్ ప్లేటుకి తెల్ల లైటు విడిగా కావాలి, 50 అడుగుల నుంచి చదవగలగాలి. 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో మామూలు బండ్లకి సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు కానీ ఈ నిబంధనలు అలాగే ఉన్నాయి, పోలీసు ఆపితే ఇవే చూస్తాడు. 1986 మోడల్ నుంచి కార్లకి తప్పనిసరైన మూడో బ్రేకు లైటు మీకు అక్కర్లేదు, అయినా ట్రంక్ మూత కింద సన్నటి ఎల్ఈడీ పట్టీ ఒకటి పెట్టుకోవడం నయం, టియర్‌డ్రాప్‌లు చిన్నవి.

ఇక్కడివాళ్ల కోసం: ఫెండర్లు పూర్తిగా తీసేద్దామనుకునేవారికి కాలిఫోర్నియాలో మినహాయింపు 1971కి ముందు రిజిస్టరై, 1,500 పౌండ్ల లోపు బరువున్న బండ్లకే. వి8 పెట్టిన స్టీలు డ్యూస్ అంత తేలిగ్గా ఉండదు.

బార్ బోల్టు ఫెండర్ గుండా పోయి కింద ఫ్రేమ్ బ్రాకెట్‌ని పట్టుకుంటుంది, అంటే లైట్ల బరువు ఊగేది అక్కడే. లోపలి నుంచి 16 గేజ్ అతుకు ముక్క వెయ్యండి. ఇప్పటికే పగులుంటే దాని కొసన 1/8 రంధ్రం వేసి, ఆ తర్వాత వెల్డ్. లేకపోతే పగులు వెల్డ్ పక్క నుంచి ముందుకి పాకుతుంది.

వైరింగ్_బాబాయ్

హెడ్‌లైట్లకి రిలేలు రెండు, డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి. రిలే పిన్నుల నంబర్ల ప్రకారం 30కి బ్యాటరీ కరెంటు 12 గేజ్‌తో, 86కి డిమ్మర్ నుంచి, 85 ఎర్తు, 87 నుంచి లైట్లకి 14 గేజ్. ఫ్యూజులు ఒక్కో లైటుకి 10 ఆంప్స్ విడివిడిగా పెట్టండి, రెండింటికీ ఒకటే పెడితే రాత్రి హైవే మీద రెండూ ఒకేసారి ఆరిపోతాయి. 55 వాట్ల బల్బు తీసుకునేది 4 ఆంప్స్ పైచిలుకే కదా రిలే ఎందుకంటారు. కాలి డిమ్మర్ స్విచ్, పాత లైట్ స్విచ్ దాటి వచ్చేసరికి 12.8 వోల్టులు 11.5 అయిందంటే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. బల్బు వెలుగు వోల్టేజీ తగ్గిన దామాషాలో తగ్గదు, ఇంకా ఏటవాలుగా పడిపోతుంది.

బెజవాడ_హాఫ్‌టన్ (విజయవాడ)

ఇదంతా మన దగ్గర పాత బండికి చెయ్యొచ్చా అన్నయ్యలూ? మడ్‌గార్డులు కోసి ఇలా.

బే_ఏరియా_బకెట్

రోడ్డు మీద తిప్పడానికైతే కష్టం తమ్ముడూ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా మార్పులు ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండాలి. మడ్‌గార్డు కోస్తే ఆ దారీ మూసుకుపోతుంది. పాత బండైతే కొయ్యకుండా బాగుచేసుకోవడమే మేలు.

డ్యూస్_పిచ్చి

ఆఖరి ప్రశ్న. మా వాళ్లు వచ్చే నెల హైదరాబాద్ నుంచి వస్తున్నారు. అంబాసిడర్‌కి పట్టే 7 అంగుళాల హెచ్4 (డిమ్, బ్రైట్ రెండూ ఒకే బల్బులో ఉండే) హెడ్‌లైట్ యూనిట్లు తెప్పించుకుంటే ఇక్కడి బకెట్లలో కూర్చుంటాయి కదా?

వైరింగ్_బాబాయ్

కూర్చుంటాయి, కానీ తెప్పించొద్దు. హెచ్4 డిమ్ వెలుగు గోడ మీద వేసి చూస్తే ఒక పక్క తిన్నగా ఉండి, రెండో పక్క పైకి లేస్తుంది. లేచే పక్క రోడ్డు అంచు వైపుండాలి. మన దేశంలో ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఎడమకి లేస్తుంది. అమెరికాలో అదే ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. యూనిట్‌ని కాస్త తిప్పి బిగిస్తే సరిపోతుందని కొందరంటారు, సరిపోదు, అద్దం గాట్లు, బల్బు లోపలి గిన్నె ఆ ఆకారానికే చేసుంటాయి. యూరప్ వాళ్ల ‘E’ అక్షరం మార్కు ఉన్న అద్దం మీద, ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపు చూపించే బాణం ఉందంటే అది ఎడమ ట్రాఫిక్‌ది. ఇక్కడైతే ‘DOT’ (అమెరికా రవాణా శాఖ) ముద్ర ఉన్నదే కొనండి.

బిగించాక సమతలంగా ఉన్న చోట గోడకి 25 అడుగుల దూరంలో ఆపండి, టైర్లలో గాలి సరిచూసి, సీట్లో మనిషిని కూర్చోబెట్టి. లైటు సెంటర్ ఎత్తు గోడ మీద టేపుతో గుర్తుపెట్టి, దాని కింద 2 అంగుళాల దగ్గర ఇంకో టేపు. డిమ్‌లో తిన్నటి గీత ఆ కింది టేపు మీద పడాలి, ఎడమ పక్క దాన్ని దాటి పైకి రాకూడదు. బార్ బోల్టులు ఫైనల్‌గా బిగించాక మాత్రమే ఇది చెయ్యండి, అవి పావు మర తిరిగినా గీత గోడ మీద అరచెయ్యంత జరుగుతుంది.